ఉపశమనం, పరిహారం, పునరావాసం: సామూహిక హింసానంతర ప్రభుత్వ సహాయ స్వరూపం

వ్యాససంగ్రహం

సామూహిక హింసకు గురైన సముదాయం తిరిగి నిలదొక్కుకోవడానికి ప్రభుత్వం వెచ్చించే ధనం ఏ రూపంలో, ఏ దశలో, ఎవరికి అందుతుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. కారంచేడు (1985), చుండూరు (1991), లక్ష్మీపేట (2012) ఘటనలను ఆధారంగా చేసుకొని, షెడ్యూల్డు కులాలు, షెడ్యూల్డు తెగల అత్యాచారాల నిరోధక చట్టం (1989), దాని నియమావళి (1995) ఏర్పరచిన సహాయ వ్యవస్థను ఇందులో పరిశీలించాను. అవసరమైన చోట ముజఫర్‌నగర్, పెరూ, రువాండా అనుభవాలను పోల్చి చూశాను. సహాయం కుటుంబాన్ని లెక్కించినంత స్పష్టంగా సముదాయాన్ని లెక్కించడం లేదన్నది ఈ పరిశీలనలో తేలిన ప్రధానాంశం.

కీలకపదాలు: సామూహిక హింస, ఉపశమనం, నష్టపరిహారం, పునరావాసం, ప్రభుత్వ నిధులు, కారంచేడు, చుండూరు, లక్ష్మీపేట, దళిత సముదాయం.

1. ఉపోద్ఘాతం

ఒక వ్యక్తి హత్యకు గురైతే ఒక కుటుంబం కూలిపోతుంది. ఒక పల్లె మీద దాడి జరిగితే ప్రాణనష్టంతో పాటు మరెన్నో నష్టాలు కలుగుతాయి. కూలి పని ఆగిపోతుంది, పశువులు చెదిరిపోతాయి, పిల్లల చదువు నిలిచిపోతుంది, రేషను కార్డు మొదలు పట్టా కాగితం దాకా ఇంట్లోని ఆధారాలన్నీ పోతాయి. వీటన్నింటికంటె పెద్ద నష్టం మరొకటుంది. నిన్నటిదాకా నడిచిన బాట మీద రేపు నడవగలమా అన్న నమ్మకం పోతుంది. ఇది ఏ ఒక్క కుటుంబానికో చెందిన నష్టంగా లెక్కకు రాదు. అందువల్లనే ప్రభుత్వ దస్త్రాలలో తరచుగా నమోదు కాకుండా ఉండిపోతుంది.

ఇటువంటి సందర్భాలలో ప్రభుత్వం ధనసహాయం ప్రకటించడం పరిపాటి. ఆ ప్రకటనలో ఉండే అంకె మాత్రమే సాధారణంగా ప్రజల దృష్టికి వస్తుంది. ఆ ధనం ఏ పద్దు నుండి వస్తుంది, ఏ షరతు మీద విడుదలవుతుంది, మొదటి విడత తర్వాత రెండవ విడతకు ఎంతకాలం పడుతుంది అన్న ప్రశ్నలు బాధితులకు మాత్రమే మిగులుతాయి. ఈ ప్రశ్నలను తెలుగు నేల మీది అనుభవం నుండి వివరించే ప్రయత్నం చేస్తున్నాను.

2. పదాల వెనుక ఉన్న దృక్పథం

ఈ విషయంలో వాడుకలో ఉన్న పదాలు నాలుగు: ఎక్స్‌గ్రేషియా, ఉపశమనం, నష్టపరిహారం, పునరావాసం. పత్రికలు వీటిని పర్యాయపదాలుగా వాడుతున్నా, వాటి అర్థాలలో గణనీయమైన భేదం ఉంది.

ఎక్స్‌గ్రేషియా లాటిన్ పదబంధం. దయతో ఇచ్చేది అని దాని భావం. ఇచ్చేవారికి బాధ్యత లేదు, పుచ్చుకొనేవారికి హక్కు లేదు అన్న సూచన ఆ మాటలోనే ఉంది. ఉపశమనం అంటే బాధను తాత్కాలికంగా తగ్గించడం. నష్టపరిహారంలోని ‘పరిహారం’ అనే పదానికి తెలుగులో తొలగించుకోవడం అన్న అర్థం ఉంది. దోషపరిహారం అన్నప్పుడు దోషం ఉన్నవాడే దాన్ని తొలగించుకోవాలి. కాబట్టి పరిహారం ఇచ్చే ప్రభుత్వం తన వైఫల్యాన్ని కొంతవరకైనా అంగీకరించినట్లు అవుతుంది. పునరావాసం ‘పునః’, ‘ఆవాసం’ అనే రెండు పదాల కలయిక. తిరిగి నివసించడం దాని అర్థం. ఎక్కడ నివసించడం అన్న ప్రశ్నకు ఆ పదం సమాధానం చెప్పదు. వెనుకటి ఊరిలోనా, కొత్త కాలనీలోనా అన్న వివాదం అక్కడి నుండే మొదలవుతుంది.

1989 నాటి చట్టంలోను, 1995 నియమావళిలోను ప్రధానంగా కనిపించే మాటలు ఉపశమనం, పునరావాసం. ‘తప్పనిసరి పరిహారం’ అన్న మాట నియమావళిలోని 15వ నియమంలో ఒక అంశంగా వస్తుంది. చట్టబద్ధమైన నియమం ఏర్పడడం వల్ల సహాయం దయ స్థాయి నుండి హక్కు స్థాయికి మారింది. ఈ మార్పు దానంతటదే రాలేదు. దాని వెనుక కారంచేడు, చుండూరు ఉద్యమాలు ఉన్నాయి.

3. మూడు ఘటనలు, మూడు దశలు

1985 జూలై 17న నాటి ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగపల్లె మీద జరిగిన దాడిలో ఆరుగురు హతులయ్యారు. మంచినీటి చెరువు దగ్గర మొదలైన వివాదం ఈ దాడికి దారితీసింది. బతికినవారు చేరువలోని చీరాలకు తరలివచ్చి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. అప్పటికి అత్యాచారాల నిరోధక చట్టం లేదు. అందుబాటులో ఉన్నవి 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం, భారత శిక్షాస్మృతి మాత్రమే. కాబట్టి బాధితులకు ఏ సహాయం అందినా అది ప్రభుత్వ విచక్షణ మీద, ఉద్యమ బలం మీద ఆధారపడింది. కత్తి పద్మారావు, బొజ్జా తారకం ప్రభృతుల నాయకత్వంలో రూపొందిన దళిత మహాసభ ఆ బలాన్ని సమకూర్చింది. బాధితులు కారంచేడుకు తిరిగి వెళ్లడానికి అంగీకరించలేదు. చీరాలలోనే వారికి నివాసం ఏర్పడింది. అదే విజయనగర్ కాలనీ.

ఆ సంవత్సరమే నవంబరు 29న ఐక్యరాజ్యసమితి సాధారణ సభ నేరబాధితుల న్యాయానికి సంబంధించిన మౌలిక సూత్రాల ప్రకటనను ఆమోదించింది. నేరస్థుని నుండి పూర్తి పరిహారం లభించనప్పుడు రాజ్యం ఆ బాధ్యతను స్వీకరించడానికి ప్రయత్నించాలని, అందుకు జాతీయ నిధులు ఏర్పరచాలని ఆ ప్రకటన సూచించింది. చీరాల శిబిరంలోని డిమాండు, ఈ సూత్రం ఒకే సంవత్సరంలో వెలువడడం గమనార్హం.

1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులు హత్యకు గురయ్యారు. అంతకుముందు నుండే అక్కడ సాంఘిక బహిష్కరణ నడుస్తున్నది. అప్పటికి చట్టం అమలులోకి వచ్చి ఏడాదిన్నర గడిచింది. 1990 జనవరి 30 నుండి అది అమలులో ఉంది. కాని సహాయం ఎంత, ఎప్పుడు, ఎవరి ద్వారా అన్న వివరాలు చెప్పే నియమావళి ఇంకా రాలేదు. చట్టంలోని 21వ సెక్షన్ బాధితుల ఆర్థిక, సామాజిక పునరావాసానికి రాష్ట్ర ప్రభుత్వం చర్యలు తీసుకోవాలని చెప్పింది. ఆ చర్యల స్వరూపం 1995 మార్చి 31న నియమావళి వచ్చేదాకా నిర్దిష్టం కాలేదు.

2012 జూన్ 12న నాటి శ్రీకాకుళం జిల్లా వంగర మండలం లక్ష్మీపేటలో ఐదుగురు దళితులు హతులయ్యారు. మడ్డువలస జలాశయం కోసం సేకరించగా ముంపునకు గురికాని భూమి సాగు విషయంలో తలెత్తిన వివాదం అక్కడి హింసకు మూలం. అప్పటికి చట్టం, నియమావళి రెండూ ఉన్నాయి. 2011 డిసెంబరులో సహాయ పరిమాణాన్ని పెంచిన సవరణ కూడా అమలులో ఉంది.

ఈ విధంగా మొదటి ఘటన చట్టానికి ముందు, రెండవది చట్టానికి నియమావళికి నడుమ, మూడవది రెండూ స్థిరపడిన తర్వాత జరిగాయి. ఒకే రకమైన బాధ మూడు వేర్వేరు వ్యవస్థలను ఎదుర్కొన్నది. కాబట్టి సహాయ వ్యవస్థ పరిణామాన్ని గ్రహించడానికి ఈ మూడింటిని కలిపి చూడవలసి ఉంటుంది.

4. సహాయ వ్యవస్థ పనిచేసే తీరు

నియమావళిలోని 12వ నియమం ప్రకారం జిల్లా మేజిస్ట్రేటు, పోలీసు సూపరింటెండెంటు ఘటనాస్థలాన్ని సందర్శించి నష్టాన్ని అంచనా వేయాలి. బాధితుల జాబితా సిద్ధం చేయాలి. నగదుగా గాని వస్తురూపంలో గాని తక్షణ సహాయం అందించాలి. 2016 ఏప్రిల్ 14 నాటి సవరణ దీనికి ఏడు రోజుల గడువు విధించింది.

సహాయ పరిమాణం అనుబంధ పట్టికలో ఉంటుంది. 1995లో హత్య జరిగినప్పుడు మృతుడు సంపాదనపరుడైతే 2 లక్షల రూపాయలు, కాకపోతే 1 లక్ష రూపాయలు నిర్ణయించారు. 2011లో ఈ మొత్తాలు 5 లక్షలు, 2.5 లక్షలు అయ్యాయి. 2016 సవరణ ఈ భేదాన్ని తొలగించి 8.25 లక్షలుగా నిర్ణయించింది. ఇంటిపట్టున ఉండే వృద్ధురాలి ప్రాణానికి, కూలికి వెళ్లే యువకుని ప్రాణానికి వేర్వేరు వెలలు కట్టే పద్ధతి అలా ముగిసింది. పట్టికలోని 47 అంశాలకు 85,000 నుండి 8.25 లక్షల రూపాయల వరకు సహాయం ఉంది.

హత్య, సామూహిక హత్య, అత్యాచారం, శాశ్వత వైకల్యం వంటి సందర్భాలలో నగదుకు తోడు మరికొన్ని ఏర్పాట్లు మూడు నెలలలోగా జరగాలి. మృతుని భార్యకు లేదా ఆధారపడినవారికి నెలకు 5,000 రూపాయల మూల పింఛను, దానిపై కరువు భత్యం, కుటుంబంలో ఒకరికి ఉద్యోగం, సాగుభూమి, ఇల్లు, పిల్లలకు డిగ్రీ వరకు చదువు ఖర్చు, మూడు నెలలకు సరిపడే బియ్యం, పప్పులు, వంటపాత్రలు ఇందులో ఉన్నాయి. ఇల్లు పూర్తిగా ధ్వంసమైతే ప్రభుత్వ ఖర్చుతో ఇటుక లేదా రాతి కట్టడం నిర్మించి ఇవ్వాలి.

ఈ ధనం ఎక్కడి నుండి వస్తుంది? 14వ నియమం ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం తన వార్షిక బడ్జెట్‌లో దీనికి కేటాయింపు చేయాలి. కేంద్ర ప్రాయోజిత పథకం కింద రాష్ట్రం తన నిబద్ధ బాధ్యతగా భరించవలసిన మొత్తానికి మించి చేసిన ఖర్చులో సగం కేంద్రం భరిస్తుంది. కేంద్రపాలిత ప్రాంతాలకు పూర్తి మొత్తం కేంద్రమే ఇస్తుంది. ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటుంది. ‘ప్యాకేజీ’ అని ఒకే మాటతో పిలిచినా అది ఒకే నిధి కాదు. నగదు సాంఘిక సంక్షేమ పద్దులో, భూమి రెవెన్యూ శాఖలో, ఇల్లు గృహనిర్మాణ శాఖలో ఉంటాయి. నగదు వేగంగా రావచ్చు. భూమి కోసం ఖాళీ స్థలం వెదకాలి లేదా కొనుగోలు చేయాలి. ఉద్యోగానికి ఖాళీ కావాలి. అందువల్ల ఒకే ఉత్తర్వులోని హామీలు వేర్వేరు వేగాలతో నడుస్తాయి. బాధితులు ఒక్కొక్క కార్యాలయం చుట్టూ తిరగవలసి రావడానికి కారణం ఇదే.

దీన్ని సమన్వయం చేయడానికి ముఖ్యమంత్రి అధ్యక్షతన రాష్ట్రస్థాయి కమిటీ, కలెక్టరు అధ్యక్షతన జిల్లాస్థాయి కమిటీ ఉండాలని 16, 17 నియమాలు చెబుతున్నాయి. మొదటిది ఏడాదికి కనీసం రెండుసార్లు, రెండవది మూడు నెలలకు కనీసం ఒకసారి సమావేశం కావాలి. అంతేకాక సహాయ వివరాలు ప్రత్యేక న్యాయస్థానానికి పంపాలి. సకాలంలో ఇవ్వలేదని, ఇచ్చింది చాలదని తోస్తే న్యాయస్థానం చెల్లింపునకు ఆదేశించవచ్చు. సహాయం హక్కుగా నిలబడడానికి నియమావళిలో ఉన్న బలమైన ఆధారం ఇది. దీన్ని బాధితులకు తెలియజెప్పవలసిన అవసరం ఎంతైనా ఉంది.

5. విడతల సమస్య: తీర్పు దాకా వేచి ఉండాలా?

1995 నియమావళి ప్రకారం హత్య విషయంలో 75 శాతం శవపరీక్ష తర్వాత, మిగిలిన 25 శాతం కింది న్యాయస్థానంలో శిక్ష పడిన తర్వాత ఇవ్వాలి. ఈ నిబంధనను చుండూరు కాలక్రమంతో పోల్చి చూస్తే దాని పర్యవసానం బోధపడుతుంది. చుండూరులోనే ఏర్పాటైన ప్రత్యేక న్యాయస్థానం 2007 జూలై 31న తీర్పు చెప్పింది. 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది శిక్ష విధించింది. ఘటనకు తీర్పుకు నడుమ 16 సంవత్సరాలు గడిచాయి. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలన్నింటినీ రద్దు చేసింది. కారంచేడు విషయంలో సుప్రీంకోర్టు తుది తీర్పు 2008 డిసెంబరులో వచ్చింది. అంటే 23 సంవత్సరాలు.

శిక్షకు, సహాయానికి ముడిపెడితే దర్యాప్తులోని లోపానికి, సాక్షులలోని భయానికి, విచారణలోని జాప్యానికి కూడా బాధితులే మూల్యం చెల్లించవలసి వస్తుంది. 2016 సవరణ హత్య విషయంలో ఈ ముడిని విప్పింది. సగం శవపరీక్ష తర్వాత, సగం అభియోగపత్రం న్యాయస్థానానికి పంపినప్పుడు ఇవ్వాలని నిర్ణయించింది. అత్యాచార నేరం విషయంలో చివరి 25 శాతాన్ని ‘విచారణ ముగిసినప్పుడు’ ఇవ్వాలన్నది. ‘శిక్ష పడినప్పుడు’ అన్న మాటకు ‘విచారణ ముగిసినప్పుడు’ అన్న మాటకు భాషాపరంగా చిన్న తేడాయే. బాధితురాలి దృష్టిలో మాత్రం అది చాలా పెద్దది. నిందితులు నిర్దోషులుగా విడుదలైనా ఆమెకు జరిగిన హాని లేకుండా పోదని రెండవ మాట అంగీకరిస్తుంది. అయితే పట్టికలోని పలు ఇతర నేరాలకు చివరి విడత ఇప్పటికీ శిక్షతోనే ముడిపడి ఉంది.

నేర విచారణ ప్రక్రియా స్మృతిలో 2008 సవరణ ద్వారా చేరిన 357ఎ సెక్షన్ నేరస్థుడెవరో గుర్తించలేకపోయినా బాధితుడు పరిహారం కోరవచ్చని చెప్పింది. సాధారణ నేరబాధితులకు వర్తించే ఈ సూత్రాన్ని సామూహిక హింసకు గురైనవారికి మరింత ఉదారంగా వర్తింపజేయడం న్యాయం.

6. తిరిగి రావడమా, తరలిపోవడమా?

కారంచేడు బాధితులు చీరాలలో స్థిరపడ్డారు. చుండూరు బాధితులు మొదట తెనాలి శిబిరాలకు చేరినా, మృతులను చుండూరు నడిబొడ్డునే ఖననం చేసి ఆ స్థలానికి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. విచారణ కూడా ఆ ఊరిలోనే జరగాలని పట్టుబట్టి సాధించారు. ఒకరు ఊరిని వదలడాన్ని, మరొకరు ఊరిలో తమ చోటును నిలుపుకోవడాన్ని ఆత్మగౌరవ చర్యగా ఎంచుకున్నారు. ఈ రెండింటిలో ఏది సరైనదని నిర్ణయించే అధికారం నిధులిచ్చే ప్రభుత్వానికి ఉండకూడదు. ప్రభుత్వం చేయవలసింది రెండు మార్గాలకూ అవసరమైన సహాయాన్ని సిద్ధంగా ఉంచడం.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ ఉత్తరప్రదేశ్‌లో ఉంది. 2013 సెప్టెంబరు ముజఫర్‌నగర్ హింస తర్వాత ఎంపిక చేసిన గ్రామాల నుండి నిర్వాసితులైన కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం 5 లక్షల రూపాయల చొప్పున ప్రకటించింది. తిరిగి తమ గ్రామాలకు వెళ్లబోమని అఫిడవిట్ ఇవ్వాలన్నది దానికి షరతు. భయంతో ఊరు వదిలినవారు ఆ వదలడాన్ని చట్టబద్ధం చేస్తూ సంతకం చేయవలసి వచ్చింది. సహాయం ఇక్కడ స్వస్థలం మీది హక్కుకు వెలగా మారిపోయింది. పునరావాసం అన్న పదంలోని ‘పునః’ భాగం ఈ షరతుతో అర్థం కోల్పోయింది.

తిరిగి వెళ్లేవారి విషయంలో సమస్య వేరు. భూమిలేని కూలీ ఊరికి తిరిగి వస్తే ఎవరి పొలంలో పనికి వెళ్లాలి? దాడి చేసినవారి పొలమే దిక్కయితే న్యాయస్థానంలో వారికి వ్యతిరేకంగా సాక్ష్యం ఎలా చెప్పగలడు? ఈ దృష్టితో చూసినప్పుడు నియమావళిలోని సాగుభూమి హామీ జీవనోపాధితో పాటు సాక్ష్యానికి కూడా రక్షణగా నిలుస్తుంది. సాక్షులకు ప్రయాణ భత్యంతో పాటు వ్యవసాయ కూలీల కనీస వేతనానికి తగ్గకుండా రోజువారీ ఖర్చు ఇవ్వాలన్న 11వ నియమం కూడా ఇటువంటిదే. 2015 సవరణతో చేరిన 15ఎ సెక్షన్ రక్షణ, పోషణ ఖర్చులు, పునరావాసం, తరలింపు వీటిని బాధితుల, సాక్షుల హక్కులుగా ప్రకటించింది. లక్ష్మీపేటలో హింసకు మూలమే భూమి కాబట్టి, ఆ భూమి ఎవరిదో తేల్చకుండా ఇచ్చే నగదు ఉపశమనం మాత్రమే అవుతుంది.

7. కుటుంబమా, సముదాయమా?

పైన వివరించిన సహాయంలో దాదాపు అంతా కుటుంబాన్ని ప్రమాణంగా తీసుకున్నది. మృతుని కుటుంబం, గాయపడినవాని కుటుంబం, ఇల్లు కాలినవాని కుటుంబం. ఏ జాబితాలోనూ చేరకుండా పల్లెను వదలవలసి వచ్చిన కుటుంబాల సంగతి స్పష్టంగా లేదు. సముదాయానికి సంబంధించిన అంశాలు 15వ నియమంలోని చివరి ఉపవిభాగంలో ఉన్నాయి. వైద్యం, విద్యుత్తు, తాగునీరు, శ్మశానం, అనుసంధాన రహదారి వంటివి అక్కడ ‘ఇతర అంశాలు’గా చేరాయి. కారంచేడు వివాదం తాగునీటి దగ్గరే మొదలైందని గుర్తుచేసుకుంటే వాటి స్థానం చివర ఉండవలసింది కాదని బోధపడుతుంది.

సముదాయానికి నేరుగా నిధి ఇచ్చిన దేశాలలో పెరూ ప్రధానమైనది. 1980 నుండి 2000 వరకు సాగిన అంతర్గత సాయుధ హింసలో 69,280 మంది మరణించడమో అదృశ్యం కావడమో జరిగిందని అక్కడి సత్యశోధన, సమన్వయ కమిషన్ 2003లో అంచనా వేసింది. మృతులలో అధికసంఖ్యాకులు క్వెచువా మాట్లాడే గ్రామీణులు. 2005లో చేసిన చట్టం ప్రకారం దెబ్బతిన్న ఒక్కొక్క సముదాయానికి 1,00,000 సోల్‌ల వరకు విలువైన పనిని, ఆ సముదాయమే ఎంచుకొనేటట్లుగా మంజూరు చేశారు. సాగునీటి కాలువలు, పాఠశాల గదులు, పశుపోషణ వంటివి ఆ పనులలో ఉన్నాయి. దీని మీద వచ్చిన విమర్శ కూడా విలువైనదే. కాలువ, బడి పౌరులందరికీ ప్రభుత్వం ఎలాగూ ఇవ్వవలసినవి. వాటికే పరిహారం అని పేరు పెడితే పరిహారం ఇచ్చినట్లు ఎలా అవుతుందని బాధితులు ప్రశ్నించారు.

రువాండాలో 1994 జాతిహననం నుండి బతికి బయటపడిన నిరుపేదల కోసం 1998లో చట్టం ద్వారా ప్రత్యేక నిధి ఏర్పాటు చేశారు. ప్రభుత్వ ఆదాయంలో నిర్ణీత భాగం ఏటా దానికి చేరే ఏర్పాటు ఉండేది. చదువు, వైద్యం, గృహవసతి దాని ప్రధాన ప్రయోజనాలు. ఒక్క ఘటనకు ఒక్కసారి చేసే ప్రకటన కంటె ఏటా వచ్చే నిధి, పెరిగే పిల్లవాని చదువుకు ఆధారంగా నిలుస్తుంది.

పెరూ అనుభవం సముదాయానికి ఎంపిక స్వేచ్ఛ ఇవ్వాలని, సంక్షేమాన్ని పరిహారంతో కలపరాదని నేర్పుతున్నది. రువాండా అనుభవం నిధికి కొనసాగింపు ఉండాలని నేర్పుతున్నది. మన నియమావళిలో డిగ్రీ దాకా చదువు ఖర్చు అన్న హామీ ఉన్నా, ఏటేటా దాన్ని గమనించే ప్రత్యేక నిధి లేదు.

8. జ్ఞాపకానికి చోటు

2005 డిసెంబరు 16న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మరో సూత్రావళి బాధితులకు జరగవలసిన న్యాయాన్ని ఐదు విధాలుగా విభజించింది. పూర్వస్థితి కల్పన, పరిహారం, పునరావాసం, మానసిక సంతృప్తి, అటువంటిది మళ్లీ జరగదన్న హామీ. స్మారకాలు, సత్యాన్ని బహిరంగంగా అంగీకరించడం, పాఠ్యాంశాలలో చేర్చడం నాలుగవ విధానికి చెందుతాయి. మన సహాయ పట్టికలో దీనికి చోటు లేదు.

ఆ లోటును తెలుగు నేల మీద బాధిత సముదాయమే పూరించుకున్నది. రక్తక్షేత్రం వంటి స్థలాలు, ఏటా జరిగే సంస్మరణ సభలు, పాటలు ఆ పని చేశాయి. కారంచేడు, చుండూరుల తర్వాతనే తెలుగులో దళిత కవిత్వం ఒక ఉద్యమంగా బలపడింది. 1995లో వెలువడిన ‘చిక్కనవుతున్న పాట’ సంకలనం దానికి మైలురాయి. ఈ సాహిత్యాన్ని నిరసన సాహిత్యంగా చదవడం అలవాటైంది. ప్రభుత్వ దస్త్రం నమోదు చేయని నష్టానికి ఇది సాక్ష్యపత్రం కూడా. నష్టాన్ని అంచనా వేసే అధికారి సమర్పించే నివేదికకు, ఈ సాహిత్యానికి మధ్య ఉన్న అంతరాన్ని కొలిస్తే సహాయ వ్యవస్థ ఏం వదిలివేసిందో తెలుస్తుంది.

9. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. కారంచేడు నుండి లక్ష్మీపేట వరకు ప్రభుత్వ సహాయం విచక్షణ నుండి చట్టబద్ధమైన హక్కుగా పరిణమించింది. అయినా ‘ఎక్స్‌గ్రేషియా’ అన్న పాత మాట వాడుకలో నిలిచి ఉంది. హక్కును హక్కుగా పేర్కొనడం పత్రికల, అధికారుల బాధ్యత.

2. నగదు, భూమి, ఇల్లు, ఉద్యోగం వేర్వేరు శాఖల నుండి వస్తాయి. ఒకే అధికారి బాధ్యత వహించి అన్నింటి పురోగతిని ప్రత్యేక న్యాయస్థానానికి నివేదించినప్పుడే అవి కలిసి అందుతాయి.

3. సహాయాన్ని శిక్షతో ముడిపెట్టడాన్ని 2016 సవరణ కొన్ని నేరాల విషయంలో తొలగించింది. మిగిలిన నేరాలకూ దాన్ని విస్తరింపజేయాలి.

4. తిరిగి రావడం, తరలిపోవడం బాధితుల ఎంపికగా ఉండాలి. ఏ నిధికీ స్వస్థలాన్ని వదులుకోవాలన్న షరతు ఉండరాదు.

5. నీరు, దారి, శ్మశానం వంటి ఉమ్మడి వసతులు నియమావళిలో చివరి అంశాలుగా ఉన్నాయి. సముదాయాన్ని ప్రమాణంగా తీసుకొనే ప్రత్యేక నిధి, దాని వినియోగంలో సముదాయానికి నిర్ణయాధికారం అవసరం.

పోయిన ప్రాణానికి ఏ ధనమూ సాటి రాదు. మిగిలినవారు భయం లేకుండా పనికి వెళ్లగలగడం, పిల్లలను బడికి పంపగలగడం, నిర్భయంగా సాక్ష్యం చెప్పగలగడం మాత్రం ప్రభుత్వ ధనంతో సాధ్యమయ్యే పనులు. ఖర్చయిన కోట్లతో పాటు ఈ మూడింటినీ లెక్కించే పద్ధతి సమీక్షా సమావేశాలలోకి రావలసి ఉంది.